పద్నాలుగు దద్దులు, ఒక చెవి

మేం అడవికి పోయింది అడవి మీద ప్రేమతో అని రాస్తే బాగుంటుంది గానీ, పోయింది హెడ్మాస్టరు సంతకం కోసం.

నా భార్య సుజాత నల్లగొండ దగ్గర ఒక హైస్కూల్లో బయాలజీ టీచరు. తొమ్మిదో తరగతి ఆడపిల్లలు నలభై మందిని నల్లమల అంచు దాకా తీసుకపోయి, చెట్టునూ పిట్టనూ పుస్తకం బయట చూపించాలని ఆమెకు రెండేండ్ల కోరిక. హెడ్మాస్టరుకు మాత్రం కిందటేడు పిక్నిక్ ఇంకా కండ్ల ముందే ఉంది. జామతోటలో కందిరీగలు లేచి ముగ్గురు పిల్లల మొఖాలు పూరీల్లా పొంగాయి. మరునాడు వాళ్ళ తల్లిదండ్రులు బడికొచ్చి, వట్టి మాటలతోనే ఆయన మొఖాన్నీ దాదాపు అదే సైజుకు తెచ్చిపోయారు. అందుకని ఈసారి షరతు పెట్టాడు.

"ముందుగాల మీరు పోయి చూసి రాండ్రి టీచర్. ఒంటి మీద దద్దు లేకుంట వస్తే సంతకం పెడ్త. లేకుంటె ఈయేడు పిల్లలకు వాటర్ ట్యాంకే చూపెడ్దం."

వాటర్ ట్యాంకును ఆ పిల్లలు ఆరో తరగతి నుంచి చూస్తున్నారు. అది అప్పటినుంచి పెరగలేదు.

నాది ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. చదివింది జువాలజీ. ఆ సంగతి దోమలకు తెలియదు. అయినా తోడు వస్తానన్నాను. సుజాత ఒక కాగితం నా చేతిలో పెట్టింది: లేతరంగు బట్టలు, నిండు చేతులు, పొడుగు ప్యాంటు, అది సాక్సుల్లోకి దోపుకోవాలి. సెంటు, పూలు, వాసన నూనె బంద్. కూల్‌డ్రింకు తెరిచి పెట్టొద్దు. పూసుకునే క్రీము మరవొద్దు. ఆ చివరిదాని పక్కన నా పేరు రాసి కింద గీత కూడా గీసింది.

దసరా సెలవులు అయిపోవడానికి ఇంకా మూడు రోజులుందనగా, పొద్దున ఆరుంబావుకు నల్లగొండలో దేవరకొండ బస్సెక్కాం. సుజాత ఆధార్ కార్డు చూపించి, ఆడవాళ్ళకిచ్చే సున్నా టికెట్టు తీసుకుంది. నాకు మామూలు టికెట్టే. ఆమె నిండు చేతుల తెల్ల కుర్తాలో, తెల్ల సాక్సుల్లో ఇన్‌స్పెక్షనుకు పోయే అధికారిలా ఉంది. నేను ఈ యాత్ర కోసమే కొన్న ముప్పావు ప్యాంటులో, నల్ల టీషర్టులో ఉన్నాను. ప్యాంటుకు తొమ్మిది జేబులు. బట్ట మొత్తం జేబులకే అయిపోయి మోకాళ్ళ కింద మిగల్లేదు.

పక్క సీట్లో మూట ఒళ్ళో పెట్టుకున్న అవ్వ నా కాళ్ళను దేవరకొండ దాకా చూసి, దిగేటప్పుడు అడిగింది: "ఏం బిడ్డా, నీళ్ళల్ల దిగుతవా?"

ఎనిమిదింటికి దేవరకొండ. బస్టాండు ముందర ఇడ్లీ, అల్లం చట్నీ. ఎనిమిదిన్నరకు అచ్చంపేట బస్సు. డిండి దాటేటప్పుడు కిటికీ పక్కన కూర్చోండి, నీళ్ళు కనిపిస్తాయి. పదిన్నరకు అచ్చంపేటలో దిగాం. మన్ననూరు బస్సుకు ముప్పావు గంట ఉంది. అక్కడ బ్యాగు తీసి చూస్తే క్రీము లేదు. అది నల్లగొండలో మా ఫ్రిజ్ మీద, మరవకూడదని నేనే ప్రత్యేకంగా పెట్టిన జాగాలో ఉంది.

సుజాత చాయ్ తాగుతున్నది. ఇప్పుడే వస్తానని చెప్పి రోడ్డు దాటాను. "మందుల దుకాణం" అని బోర్డు కనపడితే లోపలికి దూరాను. బోర్డు మొదటి సగం మీద పెండ్లి ఫ్లెక్సీ వేలాడుతున్నది. గల్లా దగ్గర తెల్ల చొక్కా పెద్దాయన.

"కాకా, పురుగుల మందు చిన్న సీస ఒకటి ఇయ్యి."

పుట్టింది ఈ జిల్లాల్లోనే. ఆ మాటకు ఇక్కడ ఏం అర్థమో తెలియనివాణ్ణి కాదు. తొందరలో నోరు ముందు పోయింది, మెదడు తర్వాతి బస్సుకు వచ్చింది.

పెద్దాయన కండ్లద్దాలు పైకి జరిపాడు. "ఏ పంటకు?"

"పంటకు గాదు. నాకే."

"ఎన్నెకరాలు నీకు?"

"భూమి లేదు కాకా. అడవి దిక్కు పోతున్న. జర జల్దియ్యి, ఇంట్ల తెల్వద్దు."

ఆయన గల్లా వెనక నుంచి లేచి వచ్చాడు. నా మణికట్టు గట్టిగా పట్టుకొని స్టూలు మీద కూర్చోబెట్టాడు. బయటికి కేకేసి రెండు చాయ్‌లు చెప్పాడు. "ఏం కష్టమొచ్చింది బిడ్డా? ఏదున్నా నాకు చెప్పు. చాయ్ తాగుకుంట చెప్పు."

వెనక అల్మారాల నిండా పత్తి పురుగు బొమ్మల డబ్బాలు అప్పుడు చూశాను. దోమలనీ, కాళ్ళకు పూసుకునేదనీ, పిల్లల పిక్నిక్ అనీ చేతులు తిప్పుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు. మణికట్టు వదలడానికి కూడా కొంచెం సేపు పట్టింది.

"ముప్పై ఏండ్ల సంది గీ గల్లాల కూసుంటున్న. ఒక్కపారి అడగకుంట ఇచ్చిన. గప్పటి సంది ఎవలొచ్చినా అడుగుత, ఏ పంటకని."

సాధారణంగా ఇట్లాంటి చోట నేను ఏదో ఒకటి అంటాను. ఈసారి ఆయన చెప్పించిన చాయ్ మొత్తం తాగాను.

ఆయనే నన్ను మూడు దుకాణాల అవతల మెడికల్ షాపుకు నడిపించి, "గీయనకు దోమలు రాకుంట పూసుకునేది ఇయ్యి. పూసుకునేదే" అని ఒత్తి చెప్పాడు. నా మీద నమ్మకం ఇంకా పూర్తిగా కుదరలేదు. వదిలేముందు ఒక మాట తీసుకున్నాడు: "రేపు గిదే తొవ్వల వస్తవ్ గద. నాకొకపారి మొఖం చూపెట్టి పో."

మధ్యాహ్నం పన్నెండు లోపే మన్ననూరు. డిగ్రీలో నా హాస్టల్ రూమ్మేటు సలీం ఇప్పుడు అక్కడ సీతాఫలాల వ్యాపారం చేస్తాడు. నన్ను కౌగిలించుకున్నాక కిందికి చూశాడు.

"ఏందిర భయ్ గీ ప్యాంటు? దోమలకు దస్తర్‌ఖాన్ పరిచి దావత్ పెట్టినట్టున్నవ్!"

జొన్నరొట్టె, కోడికూర, ఆపైన సీతాఫలాలు. భోజనం తర్వాత సలీం వాళ్ళింటి మర్యాద ఒకటి ఉంది: చిన్న దూది ఉండను మల్లె అత్తరులో ముంచి ఇంటికొచ్చిన మెహమాన్ చెవి మడతలో పెడతారు. సుజాత నవ్వుతూ దండం పెట్టింది. "ఈ ఒక్కపూట మాఫ్ చెయ్యి భయ్యా, అడవిల తిరిగేది ఉంది." నేను మర్యాద తెలిసినవాణ్ణి. చెవి ముందుకు పెట్టాను.

మూడింటికి చెక్‌పోస్టులో అడిగి, పేర్లు రాయించి, సలీం వెంట వాగు దిక్కు నడిచాం. సుజాత మొఖానికీ మెడకూ కండ్లు తప్పించి క్రీము రాసుకుంది, చేతులకూ రాసుకుంది, గంటన్నరకు మళ్ళీ రాసుకుంది. నేను ముంజేతులకు రాసుకొని, జిడ్డు పడదని కాళ్ళను వదిలేశాను. ఎత్తు గడ్డి, చల్లగాలి, టేకాకు మీద ఎండ. పిల్లలు నడవగల తొవ్వే. సుజాత ప్రతి మలుపులో ఆగి నోటుబుక్కులో రాసుకుంటున్నది: ఇక్కడ నీళ్ళు తాగొచ్చు, ఇక్కడ కూర్చోవద్దు. ఆ కూర్చోవద్దన్న చోట నేను అప్పటికే కూర్చొని ఉన్నాను. గండుచీమలు పేరుకు తగ్గట్టే ఉన్నాయి.

వాగు దగ్గర తేనెటీగ ఒకటి నా చెవిని మల్లెచెట్టు అనుకుంది.

"చేతులు ఊపకున్రి! మెల్లగ పక్కకు నడువున్రి!" అని సుజాత అరిచింది. నేను రెండు చేతులూ ఊపుతూ జోరుగా పరుగెత్తాను. కుట్టింది.

సలీం జేబులోంచి సున్నం డబ్బీ తీశాడు. "సున్నం వద్దు భయ్యా, తోలు కాలుతది" అని సుజాత నన్ను రాయి మీద కూర్చోబెట్టి, ఆధార్ కార్డు తీసి, దాని అంచుతో చెవి మీది ముల్లును ఒక్క గీకులో పక్కకు తోసేసింది. గోటితోనైనా గీకొచ్చు, ఆలస్యం చేయకపోవడమే ముఖ్యమట. పొద్దున బస్సు ఎక్కించిన కార్డే, సాయంత్రం ముల్లు దించింది. తర్వాత సబ్బు, నీళ్ళు, తడిగుడ్డ. దురద తగ్గడానికి ఒక గోలీ, పైన గులాబీరంగు కాలమైన్ నీళ్ళు. అయినా అరగంట నన్ను కదలనియ్యలేదు.

"ఊపిరి సక్కగ ఆడుతాందా? పెదవులు ఉబ్బినట్టున్నయా? కండ్లు తిరుగుతున్నయా? అట్లుంటె ఇప్పుడే దవాఖానకు ఉరకాలె. నాలుక మందమైందా?"

"ఇరవై ఏండ్ల సంది నీ ముందట అట్లనే ఉన్నది."

"అయితే ఏం ఫికర్ లేదు."

సలీం ఇల్లు చేరాక బట్టలు దులిపి ఒళ్ళంతా చూసుకోమంది. నా పిక్క వెనక, పశువులకు పట్టే గోమారి ఒకటి స్థిరపడి ఉంది. దాన్ని కాల్చుదామని సలీం అగ్గిపుల్ల తీశాడు. సుజాత పట్టకారు తీసి, తోలుకు ఆనించి పట్టి, నిదానంగా నిటారుగా లాగింది. ఆపైన పరీక్ష పేపరు దిద్దినట్టు నన్ను దిద్దింది. దద్దులు పద్నాలుగు, చెవి వేరే. ఆమెకు సున్నా. ఆ మార్కు చూసి గర్వపడాల్సిన మనిషి మంచం మీద తలపట్టుకుని కూర్చుంది.

"హెడ్మాస్టరు అడుగుతడు. అబద్ధం చెప్ప. ఇగ వాటర్ ట్యాంకే."

దోమతెరలో పడుకున్నాక అచ్చంపేట సంగతి చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె దోమతెర అంచును నా వైపు ఇంకోసారి పరుపు కిందికి దోపింది.

మరునాడు ఎనిమిదింటికి మన్ననూరులో బస్సు, తొమ్మిదికి ముందే అచ్చంపేట. దేవరకొండ బస్సు ఇంజను ఆన్ చేసి నిలబడి ఉంది. నేను ఒక కాలు పైన పెట్టాను. "దిగున్రి," అంది సుజాత. "మొఖం చూపెడ్తనన్నరు గద." బస్సు మేం చూస్తుండగానే పోయింది.

పెద్దాయన నా చెవిని అటునుంచీ ఇటునుంచీ చూశాడు. ఈసారి నవ్వాడు, కండ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా. "అమ్మా, ఈయనను ఒక్కణ్ణి దుకాణానికి తోలకు," అని సుజాతకు చెప్పి, పిల్లల సంగతి వివరంగా అడిగాడు. "నలభై మంది ఆడపిల్లలా! బస్సు ఈడ ఆపున్రి. మంచినీళ్ళు నేనిస్త." సుజాత నోటుబుక్కు తీసి అది కూడా రాసుకుంది. రాసి, పైన రాత్రి రాసుకున్న పద్నాలుగునూ సున్నానూ చూస్తూ నిలబడింది.

పదింటి బస్సులో ఆమె హెడ్మాస్టరుకు నా చెవి ఫోటో పంపి, ఫోన్ చేసి స్పీకరు పెట్టింది.

"సార్, ఇద్దరం ఒకటే తొవ్వల నడిచినం. నేను రాసుకున్నట్టు చేసిన, నాకు సున్నా. మా సారు ఒక్కటి గూడ సక్కగ చెయ్యలే, పద్నాలుగు. ఇంతకన్న మంచి ప్రయోగం నేను ల్యాబుల గూడ చూపెట్టలేను."

అవతల ఫోను అద్దం మీద గోరు తగిలే చప్పుడు. ఫోటోను పెద్దగా చేసి చూస్తున్నాడనుకుంటాను.

"సరే టీచర్. సంతకం పెడ్త. ఎల్లుండి బడి తెరువంగనే తల్లిదండ్రులను పిలుస్తం. మీ సారును గూడ తోలుకరాండ్రి. ఒక్క మాట... గా వాపు ఎల్లుండి దాక ఉంటదా?"

డిండి నీళ్ళు కిటికీలో మెరుస్తున్నాయి. మన్ననూరు మంచి చోటు, పొడుగు ప్యాంటుతో తప్పకుండా పోయి రండి. నా చెవి భగ్గుమంటున్నది. నేను తల వంచి చెవి ముందుకు పెట్టాను, మందు రాస్తుందని. అప్పటికే కాలమైన్ సీసా మూత తీసి చేతిలో పట్టుకొని ఉన్న సుజాత, నా చెవిని కొంచెం సేపు చూసి, మెల్లగా మూత బిగించి సీసాను బ్యాగులో పెట్టేసింది.