షికారీ కత్తికి గాజు పెట్టె

ఆ రోజుల్లో నాకు ఏ వస్తువైనా నచ్చిందంటే దాన్ని వాడుకోవాలని కాదు, దాచుకోవాలని అనిపించేది. కొత్త చొక్కా పెట్టెలోనే పాతబడేది. దీపావళికి కొన్న టపాకాయలు మళ్ళీ దీపావళి నాటికి చెమ్మగిల్లి తుస్సుమనేవి. ఎవరైనా మంచి పెన్ను ఇస్తే అందులో సిరా గడ్డకట్టేదాకా పదిలంగా చూసుకునేవాణ్ణి. పిల్లవాడు మహా పొదుపరి అని మా ఇంట్లో మురిసిపోయేవారు గానీ, నాది పొదుపు కాదు, భయం. వాడితే అరిగిపోతుందేమో, అయిపోతుందేమో అన్న భయం. ఆ భయమే ఒక దసరానాడు నన్ను ఎనిమిది ఇళ్ళ జనం చూస్తుండగా మోదుగాకుల మీద వెల్లకిలా పడేసింది.

మా మేనమామ చంద్రపూర్‌లోని లాల్‌పేట్‌లో ఉండేవాడు. బొగ్గు గనిలో కప్పు కూలకుండా కట్టె దిమ్మెలు నిలబెట్టే పని ఆయనది. ఊరంతా ఆయన్ని ‘షికారీ మామ’ అనేది. పేరు విని పులుల్ని కొట్టాడనుకునేరు, ఆయన జన్మలో ఎలుకను కూడా కొట్టలేదు (అత్త చీపురు ఎత్తితే, "పోనీయవే, అదెటు వోతదో సూద్దాం" అని అడ్డుపడేవాడు). ఆ పేరు ఆయన నడుముకు వేలాడే కత్తి వల్ల వచ్చింది. గనిలో కొలతలు తీసే ముసలి సారు ఒకాయన బదిలీ మీద వెళ్ళిపోతూ ఇచ్చిన వేట కత్తి అది. జానెడు పొడుగున అలుగు, మడతా గిడతా లేకుండా పిడి చివరిదాకా ఒకటే ఉక్కు పలక, పిడికి రెండు పక్కలా దుప్పి కొమ్ము, మధ్యలో ఇత్తడి అడ్డు, మందమైన తోలు ఒర. అడవిలో జంతువుల తోలు తీయడానికి పుట్టిన ఆ కత్తితో మా మామ చెరుకు చెక్కేవాడు, నులకతాడు కోసేవాడు, రంగు డబ్బాల మూతలు తీసేవాడు, సొరకాయ తరిగేవాడు, అత్త చూడనప్పుడు కాలిగోళ్ళు కూడా తీసుకునేవాడు. పని అయ్యాక లుంగీకి ఓ తుడుపు తుడిచి ఒరలో పెట్టేవాడు.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ కత్తి మీదే కన్ను. సెలవులకు లాల్‌పేట్ వెళ్తే మామ ఎదురొచ్చినప్పుడు ముందు ఆయన మొహం కాదు, నడుము చూసేవాణ్ణి. ఆయన సొరకాయ తరుగుతుంటే నా ప్రాణం విలవిల్లాడేది. నా చేతికే వస్తే దీన్ని మహారాజులా చూసుకుంటాను కదా అనుకునేవాణ్ణి. ఇరవై రెండో ఏట నాకు వరోరాలో ట్రాక్టర్ల సామాన్ల దుకాణంలో ఉద్యోగం దొరికింది. ఆ ఎండాకాలం మిఠాయి పొట్లంతో మామ కాళ్ళకు దండం పెట్టడానికి వెళ్తే, ఆయన నా చూపు ఎక్కడ ఉందో కనిపెట్టి పకపకా నవ్వాడు.

"ఏందిరా అల్లుడా, పదేండ్ల సంది సూస్తున్న, నీ కండ్లు నా నడుము మీదనే ఉంటయి. గీ కత్తి గావాల్నా?"

గబగబా తల ఊపాను.

"ఇస్త గని, ఒక్క మాట. వాడాలె. మూలకు పండవెడితే మల్ల గుంజుకుంట. సమజైందా?"

"వాడుత మామా, రోజూ వాడుత" అని ఒట్టు పెట్టినంత పని చేశాను. బస్సులో వరోరా చేరేదాకా దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రాత్రి భోజనానికి మామిడికాయ కోసుకోవాల్సి వచ్చింది. పక్కింటివాళ్ళ కత్తిపీట అడిగి తెచ్చుకున్నాను.

ఇది చాలదన్నట్టు, మా దుకాణానికి వచ్చే మీసాల సేటు ఒకాయన ఇంటికి సామాను ఇవ్వడానికి వెళ్ళాను. ఆయన ముందు గదిలో అద్దాల బీరువా నిండా పాత కత్తులు, బాకులు, ఎర్ర మఖమలు మీద పడుకుని ఉన్నాయి. నా దగ్గరా ఒకటుందని వినయంగా చెబితే ఆయన మీసం సవరించుకుని, "హాత్ లావూ నకోస్, ముట్టుకోకు. పాతదాన్ని ఎంత ముట్టుకోకపోతే అంత గొప్ప" అని నాకు ఉపదేశం చేశాడు. అంతే, ఆ మర్నాటి నుంచి నేను కూడా సేకర్తనైపోయాను (సేకరణలో ఉన్నది ఒకటే కత్తి, అదీ మామది). వడ్రంగి చేత గాజు పెట్టె చేయించి, ఎర్ర మఖమలు పరిపించాను. కత్తిని ఒరలో దోపి, తోలు ఎండిపోకూడదని ఒరకు కొబ్బరినూనె దండిగా పట్టించి, దుమ్ము పడకూడదని ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసి, పురుగు పట్టకుండా రెండు కలరా ఉండలు పక్కన పడేశాను. పసిపిల్లకు కూడా ఎవరూ అంత చేయరు. వానాకాలం వచ్చింది, గోడలు చెమ్మెక్కాయి, నేను రోజూ గాజు బయట నుంచి చూసుకుని తృప్తిగా పనికి వెళ్ళేవాణ్ణి. మామ కబురు పంపినప్పుడల్లా అడిగేది ఒకటే, వాడుతున్నవా అని. వాడుతున్న అని నేనూ ఒకటే చెప్పేవాణ్ణి.

దసరా వచ్చింది. లాల్‌పేట్‌లో మా వాళ్ళు ఎనిమిది ఇళ్ళు కలిసి ఒక యాటను, అంటే మేకపోతును కోసుకుని, మోదుగాకుల మీద సమంగా పోగులు వేసుకుని పంచుకునేవారు. తోలు తీయడం దగ్గర నుంచి పోగులు వేయడం దాకా మామే చేయాలి, ఆ కత్తితోనే చేయాలి. పోగులు వేసినవాడు అందరూ తీసుకున్నాక మిగిలిన ఆఖరి పోగు తీసుకోవాలన్నది వాళ్ళ లెక్క, అందుకే మామ పోగుల్లో ఎవరూ వంక పెట్టలేకపోయేవారు. "కత్తి పట్కోని రా" అని కబురొచ్చింది. నిండు ప్రాణం లాంటి కత్తిని నెత్తుట్లో ముంచుతారా? బజారులో కొత్త కత్తి ఒకటి కొని, రెండూ తీసుకెళ్ళాను.

"కొత్తది తెచ్చిన మామా, బాగ కోస్తది" అన్నాను.

"గది నువ్వు ఇంటికాడ ముల్లంగి కోసుకో. ఏది, మనది ఇటియ్యి."

పొద్దున్నే దానికి పసుపు కుంకుమ పెట్టి ఆయుధ పూజ చేయాలి. ఎనిమిది ఇళ్ళ మగవాళ్ళూ, ఆడవాళ్ళూ, ఆకలి మీదున్న పిల్లలూ చుట్టూ నిలబడ్డారు. నేను మఖమలు గుడ్డ విప్పాను, కవరు విప్పాను (కలరా ఉండల వాసనకు ఒకరిద్దరు వెనక్కి జరిగారు), కత్తి మామ చేతికిచ్చాను. మామ పిడి పట్టుకుని లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. ఊహూఁ. ముప్పై ఏళ్ళు దిమ్మెలు ఎత్తిన చేయి అది. "జర ఒర పట్టురా" అన్నాడు. నేను రెండు చేతులా ఒర పట్టుకుని కాళ్ళు తన్నిపెట్టాను, ఆయన పిడి పట్టుకున్నాడు. కిర్రుమని చప్పుడైంది, కత్తి ఆయన చేతిలోకి, ఒరతో సహా నేను మోదుగాకుల కట్ట మీదికి. నవ్వులు లేచాయి గానీ, మామ చేతిలో ఉన్నదాన్ని చూసి వెంటనే ఆగిపోయాయి. ఇత్తడి అడ్డుకు పచ్చటి చిలుము. అలుగు నిండా ఎర్రటి తుప్పు. నేను పట్టించిన నూనే, తోలులో ఊరిన చెమ్మే, ఆర్నెల్ల పాటు దాన్ని తిన్నాయి.

మొదట మాట్లాడింది అత్త. "ఓ అయ్యో, గీయన కాలిగోర్లు తీస్కున్నప్పుడు గూడ గిట్ల కాలె గదరా!"

మళ్ళీ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. తిడితే బాగుండుననిపించింది. మామ తిట్టలేదు. గడప పక్కన కూర్చుని సానరాయి తడిపి రుద్దడం మొదలుపెట్టాడు. యాట ఎదురు చూసింది, పిల్లలు ఎదురు చూశారు, ఎనిమిది ఇళ్ళ పొయ్యిలూ ఎదురు చూశాయి. గంట తర్వాత ఉక్కు తెల్లబడింది గానీ, అడ్డు పక్కన రాయి అందని చోట మూడు నల్ల మచ్చలు దిగబడిపోయాయి. ఆయన వాటిని బొటనవేలితో తడిమి, నాకేసి చూశాడు.

"నేను ముప్పై ఏండ్లు వాడిన, ఏం గాలే. నువ్వు ఆర్నెల్లు దాసినవ్."

నేను గాజు పెట్టె సంగతి ఒప్పేసుకున్నాను. మామ పోగులు వేశాడు, ఆఖరి పోగు తీసుకున్నాడు, కత్తి కడిగి లుంగీకి తుడిచి, గోనె ముక్కలో చుట్టి తన నడుముకే దోపుకున్నాడు. ఒర మాత్రం నా చేతిలో పెట్టాడు. "నీకు గాజు పెట్టె ఉన్నది గద, దీన్ని పెట్టుకో."

నిజంగానే పెట్టుకున్నాను. ఏం చేయను, మఖమలు బోసిగా ఉంది. వచ్చినవాళ్ళు ఖాళీ ఒర చూసి కత్తేదని అడిగితే, వాడకంలో ఉంది అని గంభీరంగా చెప్పేవాణ్ణి. కానీ మనసు ఒప్పుకోలేదు. ఆదివారం రాగానే బస్సెక్కి లాల్‌పేట్ పోయేవాణ్ణి, మామను చూడ్డానికి అని పేరు, కత్తిని చూడ్డానికి అని ప్రాణం. ఆయనకు తెలుసు. చూస్తూ కూర్చోనిచ్చేవాడు కాదు. "సూసుడెందుకు, పట్టు" అని చెరుకు గడ ఇచ్చేవాడు, సొరకాయ ఇచ్చేవాడు, సానరాయి మీద ఏ వాలున పట్టాలో నా మణికట్టు పట్టుకుని చూపించేవాడు. ఎన్ని ఆదివారాలో నాకిప్పుడు లెక్క తెలియదు. ఎప్పుడో ఒకప్పుడు నేను బస్సు దిగగానే ఆయన నడుము కాకుండా మొహం చూడటం మొదలుపెట్టాను.

మామ పోయి నాలుగేళ్ళయింది. కర్మలన్నీ అయ్యాక అత్త కత్తిని పాత చీర ముక్కలో చుట్టి ఇచ్చింది. "తీస్కపో బిడ్డా. ఒర నీకాడనే ఉన్నది గద." ఇంటికొచ్చి ఒరలో పెట్టి చూశాను. అన్నేళ్ళ సానకు అలుగు సన్నబడిపోయింది, ఒకప్పుడు ఇద్దరం లాగినా రానిది ఇప్పుడు ఒర వంచితే జారి కిందపడుతోంది. అందుకని వంటింట్లో మేకుకు తగిలించాను. గాజు పెట్టెలో మా ఆవిడ మందుల సీసాలు పెట్టుకుంది. నిరుడు దసరాకు లాల్‌పేట్‌లో పోగులు నేనే వేశాను, మిగిలినవి అయిదు ఇళ్ళే. అత్త వంగి చూసి, "గా మూలకున్నది జర పెద్దగ వడ్డది. మీ మామైతే..." అని ఆగిపోయింది. నేను తలవంచుకుని సరిచేసి, ఆఖరి పోగు తీసుకున్నాను. ఆయన ఒక్కసారి వచ్చి వాడుతున్నవా అని అడిగితే ఎంత బాగుండును. ఈసారి అబద్ధం చెప్పక్కర్లేదు.

కత్తికి పదును పోయిందని మా ఆవిడ అన్నప్పుడల్లా సానరాయి తడిపి గడప పక్కన కూర్చుంటాను. వాలు తప్పకుండా రుద్దుతాను, మణికట్టుకు ఆ పట్టు ఇంకా గుర్తుంది. అడ్డు పక్కన ఆ మూడు మచ్చలు అలాగే ఉన్నాయి. కాస్త ఓపిక చేసి రాయి అంచుతో గట్టిగా రుద్దితే పోతాయి. కానీ అక్కడికి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే ఆగిపోతుంది, అరిగిపోతాయేమోనని భయం. చూశారా, ఆ ఇరవై రెండేళ్ళవాడు ఇంకా ఎక్కడికీ పోలేదు.