స్తూపానికి తిరిగిచ్చిన ఇటుక

తొంభైల్లో ఒక కార్తీకమాసం. రేడియోలో తుఫాను హెచ్చరిక వినగానే మా అత్తయ్య దొడ్లోకి వెళ్లి, నీళ్ల గాబు కింద ఎత్తుగా పెట్టిన పెద్ద ఇటుకను బయటికి లాగింది. పాత చీరముక్కలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"ఘంటసాల వెళ్లొద్దాం, నువ్వూ రామ్మా. ఒక్కదాన్నీ వెళ్లలేను," అంది.

అది ఘంటసాల బౌద్ధ స్తూపం ఇటుక. మావయ్యగారి నాన్నగారు ఎప్పుడో ఆ దిబ్బ నుంచి తెచ్చారు. గుడివాడలో బస్సెక్కాక అత్తయ్య వాళ్ల వైపు చెప్పుకునే కథ చెప్పింది. తుఫానులో ఓడ మునిగిన ఒక వర్తకుడు, ప్రాణాలతో ఒడ్డున పడితే బుద్ధుడికి స్తూపం కట్టిస్తానని మొక్కుకున్నాడట. కట్టించాడట. అందులో ఇటుక తీసినవాళ్లను వెతుక్కుంటూ సముద్రం వస్తుందట.

"అప్పట్లో దివిసీమలో ఉండేవాళ్లం. ఈ ఇటుక ఇంట్లోనే ఉంది. ఉప్పెన వచ్చింది," అంది.

ఆ ఉప్పెనలో ఆమె ఆడపిల్లలిద్దరూ పోయారు. ఇల్లు మొత్తం కొట్టుకుపోగా మిగిలింది ఇదొక్కటేనని మావయ్యగారు గుర్తుగా గుడివాడ తెచ్చుకున్నారు.

డిగ్రీ చదివినదాన్ని, నేను నమ్మకూడదు. కానీ నాకప్పుడు అయిదో నెల. పామర్రులో బస్సు మారేటప్పుడు ఈదురుగాలి మొదలైంది. చెయ్యి పొట్ట మీద నుంచి తియ్యలేకపోయాను.

స్తూపం దగ్గర కాపలా మనిషి తప్ప ఎవరూ లేరు. ఇటుకను విప్పి చూసి, అక్కడి వరసతో పోల్చాడు.

"ఇక్కడిదేనండి. మీకెక్కడిది? పైవాళ్లకి రాసి పంపాలి."

కేసు పెడతారేమోనని భయమేసింది. "మా పొలంలో దొరికిందండి," అన్నాను.

"కాదు బాబూ. మా మావగారు పట్టుకెళ్లారు. తప్పే," అంది అత్తయ్య.

అతను ఇటుకను గోడ వారగా పెట్టి, గొంతు తగ్గించి అడిగాడు.

"మా ఇంటి పునాదిలో కూడా ఇవే ఉన్నాయండి. ఇటుక తీస్తే సముద్రం వస్తుందని మా ఊళ్లోనూ అంటారు. నిజమేనంటారా?"

అత్తయ్య చీరముక్కను మడిచి సంచిలో పెట్టుకుంది. వానలో తడుస్తూ బస్సు కోసం నడిచాం. ఆ తుఫాను మా వైపు రాలేదు. ఎవరూ కేసు పెట్టలేదు.

నాలుగు నెలలకు నాకు ఆడపిల్ల పుట్టింది. ఏడాది నిండేదాకా అత్తయ్య దాన్ని ఉయ్యాల్లో పడుకోబెట్టనివ్వలేదు. తన పక్కలోనే వేసుకుని, చీర కొంగు దాని చేతికి కట్టుకుని పడుకునేది.