బంతి ముట్టుకోని హ్యాండ్‌బాల్ ఆటగాడి తండ్రి

మేముండే అరబ్బు దేశంలో, మబేలా నుంచి ఖురం వెళ్లే చిన్న బస్సులో ఆడవాళ్ల పక్కన పరాయి మగవాళ్లు కూర్చోరు. నేనూ నాన్నా ఎక్కగానే ఒకాయన లేచి, నాకు సీటు వదిలి నాన్న పక్కకు మారాడు. తెలుగువాళ్లమని తెలియగానే కబుర్లు మొదలుపెట్టాడు. నేను లాంగ్ జంప్ చేస్తానని, స్పోర్ట్స్ కోటాలో కాలేజీ సీటు కోసం హైదరాబాద్‌లో ట్రయల్స్‌కు వెళ్తున్నానని నాన్న గర్వంగా చెప్పాడు.

"ఈ ఎండలో దూకిస్తున్నారా? ఆడపిల్ల నల్లబడిపోదూ!" అన్నాడాయన, పళ్లు కుట్టుకుంటూ. "మావాడు బంతి ముట్టుకోలేదండీ. హ్యాండ్‌బాల్ స్టేట్ ప్లేయరని సర్టిఫికెట్ తెప్పించా. దర్జాగా ఇంజినీరింగ్ చదువుతున్నాడు. చేసిపెట్టే మనిషున్నాడు, నంబరిమ్మంటారా?"

కొడుకు చేతగానితనాన్ని పతకంలా చూపించే తండ్రిని నేను అంతకుముందు చూడలేదు.

నాన్న ఫోన్ తీశాడు.

కొత్తవాళ్ల ముందు నోరెత్తని నేను, "నాకొద్దు. నేను దూకుతాను" అన్నాను.

"దూకకుండానే వస్తుంటే ఎందుకమ్మా దూకడం?" ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

నాన్న నా వైపు చూడకుండా నంబరు ఎక్కించుకున్నాడు. బస్సు దిగాక, "ఊరికే, మర్యాదకి తీసుకున్నాలే" అన్నాడు.

ఆ రోజు నుంచి ఎంత దూరం దూకానో నాన్నకు చెప్పడం మానేశాను.