మా మేనత్త తొట్టెల జారిన నాడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ ముడి వెయ్యాలన్నా నన్నే పిలిచేవాళ్ళు. దూడను కట్టెయ్యాలన్నా, కందికట్టెల మోపుకు తాడు బిగించాలన్నా, బట్టలారేసే తీగ సాగిపోతే మళ్ళీ కట్టాలన్నా నేనే. అప్పటికి నాకు పదేళ్ళు. నా ముడికి ఒక అందం ఉండేది. తాడు కొసలు వేలాడనిచ్చేదాన్ని కాదు. రెండు వేళ్ళంత మాత్రం వదిలి, దాన్నీ లోపలికి దోపేసేదాన్ని. ఇంటికి ఎవరొచ్చినా మా అమ్మ అది చూపించి, "మా బిడ్డ కట్టింది" అనేది. ఆ మాట వినడం కోసం అవసరం లేని చోట కూడా ముడులు వేసిన రోజులున్నాయి.

మాది మనూర్ దగ్గర చిన్న ఊరు. మా నాయినకు ఒక్కతే అక్క. ఆమెను నాగల్‌గిద్ద అవతల, కన్నడం మాట్లాడే ఇంట్లో ఇచ్చారు. వాళ్ళది ధాన్యం వ్యాపారం. బస్తాలు కట్టడం, బండ్లకెత్తడం ఆమె కళ్ళ ముందే జరిగేవి. మగవాళ్ళు లేని పూట తానే దగ్గరుండి ఎత్తించేది. మాట తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేది. ఒక్క చోట కూర్చోవడం ఆమెకు తెలియదు. అట్లాంటి మనిషి ఒక ఏడాది కందికోతల ముందు బండి దిగబోయి పడి, కాలు విరగ్గొట్టుకుంది. మోకాలి దాకా సిమెంటు కట్టు వేసి, నెల పైన కాలు కింద పెట్టొద్దని దవాఖానలో చెప్పారు. అత్తగారింట్లో ఉంటే ఆమె ఊరికే పడుకోదని, మా నాయిన పోయి తీసుకొచ్చాడు.

మా ఇంట్లోకి ఒకే ఒక్క తలుపు నుంచి వెలుతురు వచ్చేది. రెండు రోజులు మంచం మీద పడుకుని మూడో రోజు అత్త, "గీ సీకట్ల ఉంటే కాలు కాదు, నా పానం పోతది. నన్ను బయటేస్తవా, దేకుకుంట పోవాల్నా?" అని నాయిన మీద లేచింది. అప్పుడు నాయినకు అటక మీదున్న తొట్టెల గుర్తొచ్చింది.

అది పసిపిల్లల తొట్టెల కాదు. అంతకు ముందు ఏడాది కరెంటు లైను కోసం కొలతలు తియ్యడానికి వచ్చిన ఒక ఇంజనీరు మా చేను గట్టున డేరా వేసుకుని పది రోజులున్నాడు. రెండు చెట్లకు పట్టీలు కట్టి, మధ్యలో మందపాటి పచ్చగుడ్డ వేలాడదీసి అందులో పడుకునేవాడు. ఊరంతా దాన్ని వింతగా చూసి 'పెద్దోళ్ళ తొట్టెల' అని పేరు పెట్టారు. అమ్మ రోజూ చల్ల పంపినందుకు పోయేటప్పుడు దాన్ని మాకిచ్చిపోయాడు. గుడ్డ రెండు కొసలకూ రెండు ఇనుప రింగులు, చెట్లకు చుట్టడానికి రెండు నైలాను పట్టీలు. అంతే.

కొట్టం పక్కన మాకు రెండు వేపచెట్లుండేవి. ఒకటి ముసలిది, గరుకు బెరడుది. ఇంకొకటి లేతది, నున్నగా ఉండేది. నాయిన పట్టీలు చెట్లకు చుట్టి పట్టుకున్నాడు. వాటి కొసలను రింగుల్లో దూర్చి నేను ముడులేశాను. అత్తకు నడుము వంగకుండా మంచం మీద పడుకున్నట్టే ఉండాలని, నాయిన పట్టీలను బాగా సాగదీసి, గుడ్డ సీదాగా నిలబడేటట్టు చేశాడు. అత్తను ఎత్తి అందులో పడుకోబెట్టాం. ఎండలో వెల్లకిలా పడుకుని, చేలో కంది కోస్తున్నవాళ్ళను పేరుపేరునా పిలిచి పనులు చెప్పడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి తొట్టెల జానెడు కిందికి దిగింది. నాయిన ఇంకా గట్టిగా గుంజి పట్టుకున్నాడు, నేను ఇంకా గట్టిగా ముడేశాను. రెండో రోజు మధ్యాహ్నానికే మళ్ళీ దిగింది. ఈసారి నాయిన చెట్టుకు కాలు తన్నిపెట్టి మరీ గుంజాడు. గుడ్డ డోలు చర్మంలా బిగుసుకుంది. మూడో రోజు పొద్దున అత్త పక్కకు తిరగబోయింది. పట్టీ సర్రున జారిన చప్పుడు నాకు వినిపించింది. తిరిగి చూసేసరికి ఆమె నేల మీద ఉంది. కట్టు కట్టిన మడమ రాయికి తగిలింది.

ఆమె అరుపుకు చేలో ఉన్నవాళ్ళంతా పరుగెత్తుకొచ్చారు. నాయిన వచ్చీ రాగానే, "కట్టిందెవరు?" అన్నాడు. కట్టింది నేనేనని ఆయనకు తెలుసు. నా మీదికి చెయ్యెత్తాడు గాని కొట్టలేదు. "ఇగ నువ్వు ఏ తాడు ముట్టకు" అన్నాడు. కొట్టినా బాగుండు అనిపించింది.

అత్తను జీపులో నారాయణఖేడ్ దవాఖానకు తీసుకుపోయారు. వాళ్ళు వచ్చేదాకా నేను కొట్టంలో దూడ పక్కన కూర్చున్నాను. ఎముక మళ్ళీ విరిగి ఉంటే ఆమె ఇక జన్మలో నడవదని, అది నా వల్లేనని అనుకున్నాను. అమ్మ పెట్టిన రొట్టె దూడకే తినిపించాను. పొద్దు వాలేటప్పుడు జీపు వచ్చింది. ఎముకకు ఏమీ కాలేదట. కట్టు పగిలిన చోట సరిచేసి పంపారు. నాకు ఊపిరి వచ్చింది గాని ఆమె దగ్గరికి పోవడానికి మొహం చెల్లలేదు. ఆ సాయంత్రం దూడను అమ్మ కట్టేసింది. నేను దూరంగా నిలబడి చూశాను.

మర్నాడు పొద్దున నాయిన తొట్టెలను ఊడదీసి అటక మీద పారెయ్యబోయాడు. పడిపోయిన వైపు పట్టీ లేత వేప మొదట్లోనే పడి ఉంది. గడప దగ్గర కూర్చున్న అత్త, "బేడ, బేడ! ముట్టకు. పడ్డది నేను. ఎట్ల పడ్డనో నాకు ఎరుక గావాలె" అంది. తర్వాత నన్ను పిలిచింది. నేను కదల్లేదు. "కట్టినోళ్ళు లేకుంట ఎట్ల జారిందో ఎట్ల తెలుస్తది? రా బిడ్డా" అంది. ఆ గొంతులో కోపం లేదు. పని ఉన్నప్పుడు ఎట్లా పిలిచేదో అట్లాగే పిలిచింది. అందుకే పోగలిగాను.

మొదట మొన్నటిలాగే మళ్ళీ కట్టమంది. నాయిన గుంజాడు, నేను ముడేశాను. అప్పుడామె తన ఆకువక్కల సంచిలోంచి సున్నం డబ్బీ తీసి నా చేతిలో పెట్టింది. చెట్టు చుట్టూ పట్టీ ఎక్కడ ఆనుకుందో అక్కడ, పట్టీ మీద ఒక చుక్క, బెరడు మీద ఒక చుక్క పెట్టించింది. ముడి దగ్గర, రింగుకు ఆనుకుని పట్టీ మీద ఇంకొకటి. రెండు వైపులా అట్లాగే. తర్వాత నాయినతో సగం బస్తా కందులు తొట్టెలలో వేయించింది. ఇక కూర్చుని ఆకు నమిలింది. మేమంతా ఏం జరుగుతుందా అని చూస్తుంటే ఆమె మా అమ్మతో ఊరి ముచ్చట్లు పెట్టుకుంది.

ఎంతసేపటికో, "ఇగ నోడు, పోయి చూసి రా" అంది.

లేత వేప నున్నగా ఉంది కాబట్టి పట్టీ చెట్టు మీదే జారి ఉంటుందని నా ఆశ. అయితే తప్పు చెట్టుది అవుతుంది. పోయి చూశాను. బెరడు మీద చుక్క, పట్టీ మీద చుక్క పెట్టినవి పెట్టినట్టే పక్కపక్కనే ఉన్నాయి. ముడి దగ్గరి చుక్క మాత్రం రింగును వదిలి ఒక వేలంత ఇవతలికి వచ్చింది. నేను దోపిన కొస అప్పుడే సగం లోపలికి పోయింది. అబద్ధం చెప్పొచ్చు. ఆమె లేచి వచ్చి చూడలేదు కదా. ఆ చుక్కను ఒక్క వేలితో తుడిచెయ్యొచ్చు కూడా. కాసేపు అక్కడే నిలబడ్డాను.

"ముడే జారుతున్నది అత్తా" అన్నాను చివరికి.

"కొస గింత పొట్టిగ ఎందుకిడిసినవ్?"

"సక్కగ కనవడాలని."

ఆమె నవ్వలేదు, తిట్టలేదు. అది దూడను కట్టే ముడి అనీ, గరుకు తాడును పట్టుకుంటుంది గాని నున్నటి నైలానును పట్టుకోదనీ చెప్పింది. పొడుగు కొస ఉంటే జారినా పడేసరికి పొద్దుపోయేది, మనం చూసి సర్దుకునేవాళ్ళం, పొట్టి కొస ఆ టైము ఇయ్యలేదు అంది. నాయిన, "నేను చెప్పలే?" అన్నట్టు తలూపాడు.

"ఆగు తమ్మీ, నీ వంతు గూడ ఉంది" అంది అత్త. బావి తాడు తెప్పించి ఒక కొస ముసలి వేపకు కట్టించింది. మధ్యలో సగం నీళ్ళున్న బొక్కెన వేలాడదీయించి, రెండో కొస నాయిన చేతికిచ్చింది. "ఏదీ, తాడు సీదాగ అయ్యేదాక గుంజు" అంది. నాయినకు అదొక లెక్కా? గుంజాడు. బొక్కెన లేచింది గాని తాడు మధ్యలో వంగే ఉంది. ఇంకా గుంజాడు. మొహం కందగడ్డలా ఎర్రబడింది, మడమలు నేలలో దిగబడ్డాయి, తాడు సీదా కాలేదు. "సాకు, సాకు, ఇగ చాలు" అని ఆపించి, అదే కొస నా చేతికిచ్చింది. తాడును బాగా వదులు చేసి, బొక్కెన నేలను తాకకుండా కిందికి వేలాడేటట్టు పట్టుకోమంది. పట్టుకున్నాను. పదేళ్ళ పిల్లను, రెండు చేతులతో, ఏ కష్టమూ లేకుండా పట్టుకుని నిలబడ్డాను. నాయిన నన్నూ బొక్కెననూ మార్చి మార్చి చూశాడు.

"నువ్వు సీదాగ గుంజిన కొద్ది ముడి మీద బరువు ఎక్కువైతది తమ్మీ. అది జారిందని నువ్వింక గుంజినవ్. గుంజినవని అదింక జారింది. పిల్ల ముడి తప్పే. నీ గుంజుడు గూడ తప్పే" అంది.

నాయిన తాడు చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. తర్వాత నా దిక్కు చూడకుండానే, "పోయి పట్టీ పట్టుకరా" అన్నాడు. ఆ మాటతో నా మీది నిషేధం పోయిందని నాకర్థమైంది.

అత్త కొత్త కట్టు నేర్పింది. పట్టీని రింగులో రెండుసార్లు తిప్పి, రెండో చుట్టు మొదటి చుట్టు మీద పడేటట్టు చేస్తే, బరువు పడ్డ కొద్దీ పట్టీ తనను తానే నొక్కుకుంటుంది. ఆ తర్వాత ముడి. మూరెడు కొస వదలాలి. ఆ కొస చివర ఇంకొక లావు ముడి, ఒకవేళ జారినా రింగులో దూరకుండా. చూడ్డానికి వికారంగా ఉంది. పట్టీలను చెట్లకు కొంచెం పైకి చుట్టి, గుడ్డ మధ్యలో లోతుగా వంగేటట్టు వదిలాం. తొట్టెల అడుగు నేలకు జానెడు ఎత్తులో మాత్రమే ఉంచమంది. కింద గడ్డి పరిపించింది.

మళ్ళీ సున్నం చుక్కలు, మళ్ళీ సగం బస్తా. చుక్కలు కదల్లేదు. నాయినను కూర్చోమంటే సిగ్గుపడుతూ కూర్చుని, రెండుసార్లు ఊగాడు. చుక్కలు కదల్లేదు. మధ్యాహ్నం అన్నాలయ్యాక నన్ను ఇంకొకసారి చూసి రమ్మంది. వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"అయితే నన్ను ఎత్తుండ్రి" అంది.

అమ్మ వద్దంది. ఇంకో రెండు రోజులు చూద్దామంది నాయిన. వాళ్ళ కంటే నాకే భయం ఎక్కువ. "వద్దత్తా" అని ఏడుపు గొంతుతో అన్నాను. ఆమె చెయ్యి చాపి నా భుజం మీద వేసుకుంది. అటు నాయిన, ఇటు నేను. తొట్టెల అంచున కూర్చుని, కట్టు కట్టిన కాలును అమ్మ పట్టుకుంటే లోపలికి జరిపి, మంచి కాలును కూడా నేల మీది నుంచి ఎత్తేసింది. నేను రింగునే చూస్తున్నాను. ఆమె ఒక్కసారి కూడా అటు చూడలేదు. చేలో ఉన్న ఆడవాళ్ళను చూసి, "ఏందే, నేను పండుకోంగనే చేతులు ఆగినయా?" అని కేకేసింది. ఆ తర్వాత కళ్ళు మూసుకుని నిద్రపోయింది. నిజంగానే, గురక పెట్టి నిద్రపోయింది. కట్టు విప్పే రోజు దాకా ఆమె పగళ్ళన్నీ అందులోనే గడిచాయి.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. నారాయణఖేడ్‌లో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పుతాను. పోయినేడాది ఒక పిల్ల కొలత తప్పి ఖరీదైన గుడ్డ ఒకటి పాడు చేసి, రెండు రోజులు రాకుండా ఇంట్లో కూర్చుంది. పిలిపించాను. ఇద్దరం ఆ ముక్కలన్నీ పరిచి, టేపు దగ్గర తప్పిందా, సుద్దగీత దగ్గరా, కత్తెర దగ్గరా అని ఒక్కొక్కటే చూశాం. దొరికింది. పాత గుడ్డ మీద నాలుగుసార్లు కోయించాను. నాలుగుసార్లూ సరిగ్గా వచ్చాక, మాకు కాబోయే కోడలి పెళ్ళి జాకెట్టు గుడ్డ తీసి ఆ పిల్ల ముందు పెట్టాను. నా చేతులకు మాత్రం, పక్కన నిలబడి కత్తెర పట్టుకుని చూపించాలని ఒకటే తహతహ. కానీ మా అత్త ఆ రోజు రింగు వైపు చూడలేదు. నేను లేచి లోపలికి పోయి, ఇద్దరికీ చాయ్ పెట్టుకొచ్చాను.