మంచు మోసిన రాయి, ట్రాక్టరు మోసిన రాయి

ఉద్యోగంలో నా ఆఖరి ఫీల్డు సీజను ములకలపల్లి అడవి అంచున గడిచింది. నవంబరులో క్యాంపు వేశాం. నా హోదా సీనియర్ జియాలజిస్టు. అక్కడి వాగు గట్టున బయటపడ్డ బండరాళ్లను హిమానీనదం, అంటే నేల మీద కదిలే పెద్ద మంచుగడ్డ, మోసుకొచ్చిందా లేదా అన్నది తేల్చడం నా పని.

ముప్ఫై కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ మంచు ఉండేదంటే ఖమ్మం ఎండలో ఎవరు నమ్ముతారు? రాయి నమ్మిస్తుంది. వాగు రాయిని దొర్లిస్తుంది కాబట్టి అది అన్ని వైపులా అరిగి పొత్రంలా గుండ్రబడుతుంది. మంచు దొర్లనివ్వదు, పట్టుకుని ఈడుస్తుంది. అందుకే ఒక ముఖం ఇస్త్రీ పెట్టె అడుగులా చదునై, దాని మీద వరసగా గీతలు పడతాయి. రాయి కదలకుండా ఉంటేనే ఆ గీతలు మంచు నడిచిన దిక్కు చెబుతాయి. ఎత్తాల్సి వస్తే ముందు దాని మీద రంగుతో ఉత్తర దిక్కు బాణం గీయాలి. మా వృత్తిలో ఇది ఓనమాలు.

ఇంతలో డైరెక్టరు గారి తనిఖీ ఖాయమైంది. ఆయనకు మోకాళ్ల నొప్పులు, వాగులోకి దిగలేరు. రాళ్లనే పైకి తెద్దామన్నాడు మా అసిస్టెంటు. నేను, సిగ్గులేకుండా, సరే అన్నాను. మంగళవారం ఆరు రాళ్లకు గొలుసు కట్టి, ట్రాక్టరుతో లాగించి, కనకమ్మ అనే రైతు పత్తిచేను గట్టున వరసగా పేర్పించాడు. చుట్టూ సున్నం గీత కూడా కొట్టించాడు. బాణాలు గీయడం మాత్రం మరిచాడు. నేనూ అడగలేదు.

శుక్రవారం డైరెక్టరు గారు జీపు దిగి, నాలుగడుగులు వేసి, ఒక రాయి మీద దిక్సూచి పెట్టి, మంచు వాయవ్యానికి నడిచిందని ప్రకటించారు. అందరం డైరీల్లో రాసుకున్నాం. ఆ ఊపులోనే, ఇది దేశ సంపద, రాళ్లున్న చోటు చుట్టూ కంచె వేయిద్దాం, ప్రతిపాదన పంపండి అన్నారు. రాళ్లున్న చోటంటే కనకమ్మ రెండెకరాలు. ఆమెకున్నదే అది.

పత్తి ఏరుతున్న కనకమ్మ ఒడిలో పత్తితోనే వచ్చి రాయి మీద వేలు పెట్టింది.

"ఏంది సారూ గిది? గా నల్ల గీతలు పాతయి. గీ తెల్ల గీత మొన్న మంగళారం మీ గొలుసు గీసింది గాదా? వాగుల రాళ్లు నా గట్టు మీదికి మీరే తెస్తిరి. ఇప్పుడు నా చేను రాళ్లదైందా?"

తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వుండంగనే తెచ్చిండ్రు గద! బెల్లం కొట్టిన రాయి లెక్క నిలబడ్డవేంది? చెప్పు సారూ."

డైరెక్టరు గారు నన్నే చూస్తున్నారు. నా పింఛను కాగితాల మీద పడాల్సిన సంతకం ఆయనదే. భయమేసింది. అయినా రాళ్లను మేమే కదిలించామనీ, నేనే ఒప్పుకున్నాననీ, ఆ దిక్కు చెల్లదనీ చెప్పాను. పక్కనున్నవాళ్లు చప్పుడు చేయకుండా డైరీల్లో వాయవ్యం కొట్టేశారు.

కంచె మాట అక్కడే ఆగిపోయింది. నాకు మెమో వచ్చింది. కనకమ్మ మాత్రం రాళ్లన్నీ తిరిగి వాగులోకి దిగేదాకా ట్రాక్టరును వెళ్లిపోనివ్వలేదు. నివేదికలో 'రవాణా సాధనం' అన్న గడిలో "మంచు, ఆ తర్వాత ట్రాక్టరు" అని రాసి సంతకం చేశాను.

నేర్చుకున్నది ఒకటే. రాయిని ఎవరు మోశారో విచారించేటప్పుడు చివరగా మోసినవాడితో మొదలుపెట్టాలి, ఆ మోసినవాడు మనమే అయినా సరే.