ఓడిపోయిన నాన్న ప్రెసిడెంటైన రోజు

నా చిన్నప్పుడు మా అమ్మ గల్ఫ్‌లో, షార్జా దగ్గరి ఖోర్ ఫక్కాన్ ఆసుపత్రిలో నర్సు, మా నాన్న అక్కడి పోర్టులో గుమాస్తా. మూడు గదుల పాత ఇల్లొకటి తీసుకుని మరో రెండు గదులవాళ్ళతో పంచుకుని ఉండేవాళ్ళం. పక్క గదిలో మలయాళీ అంకుల్, ఆంటీ. చివరి గదిలో కరీంనగర్ బాబాయి ఒక్కడే ఉండేవాడు, ఓడల్లోంచి సరుకు దించే పని ఆయనది. వంటిల్లు అందరికీ ఒకటే. ట్యాంకరు వచ్చి నింపి వెళ్ళే నీళ్ళ తొట్టీ ఒకటే.

అమ్మ డ్యూటీకి వెళితే నన్ను చూసుకునేది మలయాళీ ఆంటీ. వాళ్ళకు పిల్లలు లేరు. నాకు జడలు వేసి, అన్నం కలిపి పెట్టి, నేను పేచీ పెడితే మలయాళంలో చీవాట్లు పెట్టేది. ఆంటీ లేకపోతే నన్ను బందరులో హాస్టల్లో వెయ్యడం తప్ప మావాళ్ళకు వేరే దారి లేదు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేను అల్లరి చేసినప్పుడల్లా మా నాన్న ఆ హాస్టల్ పేరే ఎత్తేవాడు.

ఇంటి అద్దె కాగితం మా నాన్న పేరు మీద ఉండేది. అంతే, ఆయన ఆ ఇంటికి ముదీర్, అంటే మేనేజరు, అయిపోయాడు. ముందు ఎవరు వండుకోవాలో, బట్టలు ఎవరు ఎప్పుడు ఉతుక్కోవాలో అన్నీ ఆయనే చెప్పేవాడు, అదీ ఇంగ్లీషులో! ఆఫీసు ఇంగ్లీషు నోట్లో పడితే చాలు, మా బందరు నాన్న కాస్తా దొరగారైపోయేవాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

ఇలా ఉండగా షార్జాలో కరీంనగర్ బాబాయి తమ్ముడు పనిచేసే వర్క్‌షాపు మూతపడింది. అతనికి మా పోర్టులోనే పని దొరికింది గానీ, కంపెనీ గది ఇవ్వడానికి కొన్నాళ్ళు పడుతుందన్నారు. అన్నాళ్ళూ తన గదిలో ఉంచుకుంటానని బాబాయి అడిగాడు. మా నాన్న ససేమిరా అన్నాడు. ఆ వాదన పెరిగి పెరిగి, ఇష్టం లేనివాళ్ళు వెళ్ళిపోవచ్చు అని నాన్న అనే దాకా వచ్చింది. బాబాయి తరఫున మాట్లాడిన మలయాళీ అంకుల్‌కి ఆ మాట తగిలింది. అజ్మాన్‌లో వాళ్ళ అన్న ఉన్నాడు, అక్కడ అద్దెలు కూడా తక్కువ, వచ్చే నెలలో మేం వెళ్ళిపోతాం అన్నాడు. ఆంటీ తలుపేసుకుంది. అమ్మ నా పెట్టె దించి దుమ్ము దులిపింది. ఆ పెట్టె చూస్తే నాకు బందరు హాస్టలే కనపడింది.

ఆ శుక్రవారం అమ్మ తనతో పనిచేసే సిస్టరమ్మను భోజనానికి పిలిచింది. ఆవిడది స్విట్జర్లాండ్, కాన్పులు చేయడంలో అందె వేసిన చెయ్యి. మా చేపల పులుసు కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా వదలకుండా తినేది. కానీ ఆ రోజు ఇంట్లో ఎవరి మొహమూ బాగాలేదు. ఏమిటని అడిగి, అమ్మ చెబుతుంటే అంతా విన్నది. తర్వాత అందర్నీ వాకిట్లోకి పిలిచి చాప మీద కూర్చోబెట్టింది. అమ్మ తెలుగులోనూ, వచ్చీరాని హిందీలోనూ ఆవిడ మాటలు అందరికీ చెప్పింది.

మా దేశంలో రాజు లేడు, ఒక్కడే పెద్ద అన్నవాడూ లేడు, అంది సిస్టరమ్మ. ఏడుగురు కలిసి దేశాన్ని నడుపుతారట. ఆ ఏడుగురిలో ఏడాదికొకరు ప్రెసిడెంటు. పేరుకు ప్రెసిడెంటే గానీ, మిగతా ఆరుగురి మీద పెత్తనం ఉండదు. జర్మను, ఫ్రెంచి, ఇటాలియను, రోమాన్ష్ అని నాలుగు భాషలట, వాళ్ళ నోటు మీద నాలుగూ ఉంటాయట. మా నాన్న వెంటనే, మన రూపాయి నోటు మీద అంతకంటే ఎక్కువే ఉన్నాయి, అన్నాడు. అలాంటి చోట ఊరుకునే మనిషి కాదు.

ఆ దేశం చిన్న చిన్న రాష్ట్రాల కూటమి. ఒక్కో రాష్ట్రానికీ దాని బడులు, దాని చట్టాలు ఉంటాయి. కొన్నిచోట్ల ఇప్పటికీ జనం మైదానంలో చేరి చెయ్యెత్తి తీర్పు చెబుతారు. తన రాష్ట్రంలో మాత్రం ఆ మైదానంలో ఆడవాళ్ళకు అప్పటికింకా చెయ్యెత్తే హక్కు రాలేదని చెప్పినప్పుడు ఆవిడ మొహం ఎర్రబడింది. మా వాళ్ళు చేసే ఆ బుద్ధితక్కువ పని మీరు చెయ్యకండి, అంది. మలయాళీ ఆంటీ చాప మీద కొంచెం ముందుకు జరిగింది.

బాబాయి తమ్ముడు ఉండాలా వద్దా అన్నది మీరూ చేతులెత్తి తేల్చుకోండి, అంది సిస్టరమ్మ. కానీ చెయ్యెత్తే ముందు ఒక షరతు పెట్టింది. ఎవరి భాషలో వాళ్ళే మాట్లాడాలి.

బాబాయి మొదలుపెట్టాడు. "అన్నా, మావోడు నేల మీద పంటడే. బకెట్ నీళ్ళతోని సరిపెట్టుకుంటడు. తమ్ముణ్ణి బయట పండుకోమని నేనెట్ల చెప్పాలె?" ఆంటీ మలయాళంలో చాలాసేపు మాట్లాడింది. మధ్యలో నా పేరొచ్చింది, ఏడ్చింది. ఆ తర్వాత ఎవరూ అర్థం చెప్పమని అడగలేదు.

మా నాన్న ఇంగ్లీషులో ఎత్తుకున్నాడు. సిస్టరమ్మ వేలు అడ్డంగా ఊపింది. ఆయన కాసేపు నసిగి తెలుగులోకి దిగాడు. దిగేసరికి ఆ దొరతనం ఎటు పోయిందో! "ఇల్లు నా పేరు మీదుందయ్యా. ఇంటి ఓనరు అర్బాబ్‌కి కోపమొచ్చి పొమ్మంటే ఆడపిల్లనేసుకుని నేనెక్కడికి పోను? నాకు భయమేస్తంది," అన్నాడు. మా నాన్నకు భయం వేస్తుందని నాకప్పటి దాకా తెలియదు. బాబాయి లేచివెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు.

తమ్ముడు ఉండొచ్చని చేతులెత్తారు అంకుల్, ఆంటీ, బాబాయి. వాళ్ళతో పాటు మా అమ్మ కూడా! మా నాన్న ఆమెవైపు చూసిన చూపు ఇప్పటికీ తలచుకుని నవ్వుతాను. ఒంటరిగా ఓడిపోయాడు పాపం.

అప్పుడు సిస్టరమ్మ అసలు పేచీ పెట్టింది. ఈ ఏడాది ప్రెసిడెంటు మీరే, అంది మా నాన్నతో. ఓడినవాణ్ణి ప్రెసిడెంటు చెయ్యడమేమిటని ఆయన గింజుకున్నాడు. మా ఏడుగురూ గదిలో ఎంతైనా కొట్లాడుకుంటారు, అంది ఆవిడ. ఒకసారి తేలాక బయటికొచ్చి ఏడుగురూ ఒకే మాట చెబుతారు. నేను వద్దన్నాను, వాళ్ళు వినలేదు అని ఎవరూ అనకూడదు. అది మీ చేత అవుతుందా? చేతకాదు అనడం మా నాన్న వంశంలో లేదు. సరే అన్నాడు.

బాబాయి తమ్ముడొచ్చిన కొద్ది రోజులకే, తొట్టి కారుతోందంటే చూడడానికి ఇంటి యజమాని, అంటే మా అర్బాబ్, వచ్చాడు. వాకిట్లో కొత్త మనిషి బట్టలు ఆరేస్తున్నాడు. అర్బాబ్ కనుబొమలు ముడిపడ్డాయి. "యే కౌన్? కిస్‌నే బోలా?" వీడెవడు, ఎవరు ఉండమన్నారు అని గద్దించాడు.

నేను ఆంటీ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. నేను కాదు, వీళ్ళు, అని నాన్న ఒక్క మాట అంటే చాలు, బతికిపోయేవాడు. నిజం కూడా అదే. ఆయన చెమట తుడుచుకుని ముందుకు వెళ్ళాడు.

"హమ్ సబ్‌నే బోలా, అర్బాబ్," అన్నాడు. మేమందరం అనుకునే చేశాం అని. గది దొరికే దాకానే ఉంటాడని, పూచీ తనదని చెప్పాడు.

అర్బాబ్ ఒక్కొక్కర్నీ చూశాడు. అంకుల్ తల ఊపాడు, అమ్మ ఊపింది, ఆంటీ ఊపింది. ఆయన తొట్టి మీద చరిచి, "ఖలాస్, తానీ నహీ," అన్నాడు. ఈసారికి సరే, ఇంకెవర్నీ తేవద్దని. మా నాన్న వాకిట్లోనే కూలబడి మంచినీళ్ళడిగాడు. ఇచ్చింది అంకుల్. అజ్మాన్ మాట ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. అమ్మ నా పెట్టె మళ్ళీ అటక ఎక్కించింది.

నేను తర్వాత చాలా ఏళ్ళు బడి నడిపాను. మా కమిటీలో నేను ఓడిపోయిన సందర్భాలు బోలెడు, గదిలో బల్ల గుద్ది మరీ పోట్లాడేదాన్ని. తలుపు తెరుచుకుని బయటికొచ్చాక తల్లిదండ్రులకు మాత్రం ఒకటే చెప్పేదాన్ని, మేం అనుకున్నాం అని. మీరు వద్దన్నారటగా మేడమ్ అని చెవిలో అడిగినవాళ్ళకీ అదే జవాబు. ఆ మాట ఎంత బరువో నాకు తెలుసు. మా నాన్న దాన్ని తన నోటితో అన్నాడు కాబట్టే నేను మా అమ్మ దగ్గర పెరిగాను.