ముట్టుకోవద్దన్న కారు

కారు ముందు బంపరుకు కట్టిన నిమ్మకాయ ఊగుతోంది. దాని కింద గుచ్చిన మిరపకాయలు కూడా ఊగుతున్నాయి. నేను మజ్జిగ చెంబు పట్టుకుని మా బావగారింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. ముదిగుబ్బలో మే నెల మధ్యాహ్నం. వాకిట్లో వేపచెట్టు ఆకు ఒక్కటి కదలడం లేదు. దండెం మీద ఆరేసిన అత్తమ్మ చీర అంచు కూడా కదలడం లేదు. నిమ్మకాయ మాత్రం ఊగుతోంది, ఆగుతోంది, మళ్లీ ఊగుతోంది.

గాలి లేకుండా అది ఎందుకు ఊగుతుందని ఒక్క క్షణం ఆలోచించాను. ఆ తర్వాత చెంబు ఎక్కడ పెట్టానో, అసలు పెట్టానో పడేశానో నాకు గుర్తు లేదు.

పిల్లలు ఆ కారులో ఉన్నారు.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయింది అప్పటికి. మా ఆయనకు అనంతపురంలో విత్తనాల అంగడి. ఆ అంగడి బల్ల మీద విత్తనాల కాగితాలకంటే కార్ల పత్రికలే ఎక్కువ ఉండేవి. కొత్త కారు కొని రెండు నెలలయింది. నాలుగు పక్కలా అద్దాలకు నల్ల ఫిల్ము వేయించాడు. సీట్లకు కొత్త కవర్లు కుట్టించాడు, వెనక సీటు బెల్టులు ఆ కవర్ల కిందికి పోయాయి. బెల్టులు బయటికి తీయించమంటే, కవరు కోస్తే అందం చెడిపోతుందన్నాడు. ఎండకు డ్యాష్‌బోర్డు పగులుతుందని, బండి నీడలో ఆపినా సరే, ముందు అద్దానికి లోపలి నుంచి వెండి రంగు అట్ట అడ్డం పెట్టేవాడు. వెనక తలుపు అంచున ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని కిందికి నొక్కి, ఇది చైల్డ్ లాక్, ఇంక నీకు దిగులు లేదు అని నాకు చూపించాడు. లోపలి నుంచి పిల్లలు ఎంత లాగినా ఆ తలుపు రాదు. నడిచే బండిలో నుంచి పడిపోరు. ఆ ఒక్క ఏర్పాటూ నా భయానికి మందు అన్నట్టు చెప్పాడు. నేను కూడా మందే అనుకున్నాను.

పిల్లలకు మొదటి రోజే నియమాలు చెప్పాడు. వెనక సీట్లోనే కూర్చోవాలి. ముందుకు రాకూడదు. ఒక్క బటన్ కూడా ముట్టుకోకూడదు. పాపకు అప్పుడు ఏడేళ్లు, ఒకసారి చెబితే వినే పిల్ల. బాబుకు మూడేళ్లు, వాడు వినలేదు. నేనే వాడి చేతి మీద ఒకటి వేసి, నాయన కారు ముట్టుకోవద్దని చెప్పాను. ఈ మాట చెప్పింది నేనే. మరిచిపోకుండా ఉండాలనే ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆ ఆదివారం మా బావగారు, అంటే మా ఆయన అన్న, కొత్త కారు చూడాలని రమ్మన్నాడు. ఆయనకు పాత జీపు ఒకటి ఉంది. తలుపులు లేవు, పైన గుడ్డ కప్పు, సగం ఊరు తోస్తే సగం ఊరిని ఎక్కించుకునే బండి. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే మా ఆయన స్నేహితుడు కూడా వచ్చాడు. అతనికి మాకంటే పెద్ద కారు ఉంది. ముగ్గురికీ కార్లంటే ప్రాణం. ముగ్గురి అభిప్రాయాలూ వేరు.

మేము చేరేసరికి పిల్లలిద్దరూ వెనక సీట్లో నిద్రపోతున్నారు. లేపబోయాను.

“పడుకోనీలే. ఏసీ నడుస్తాండాది. నేనీడే ఉంటా గదా” అన్నాడు మా ఆయన.

బండి నీడలో ఉంది, ఇంజను నడుస్తోంది, తండ్రి పక్కనే ఉన్నాడు. నేను వంటింట్లోకి వెళ్లాను.

కిటికీలో నుంచి వాళ్ల వాదన అంతా వినిపిస్తూనే ఉంది. బావగారు కారు చుట్టూ తిరిగి, దాని ముఖం కోపమొచ్చిన పొట్టేలు మాదిరి ఉందన్నాడు. ఇప్పుడొచ్చే కార్లన్నీ కనుబొమలు ముడేసుకునే పుడుతున్నాయట. తర్వాత బంపరు మీద వేలితో కొట్టి చూశాడు.

“బంపరనేది గుద్దుకునేదానికి పెడతారప్పా. దీనికి రంగు పూసినారు. రంగు పూసిన బంపరు బంపరెట్లయితాది? పెండ్లికూతురిని తెచ్చి కావలి పెట్టినట్టుండాది.”

ధర్మవరం అతను పడీపడీ నవ్వాడు. జీపు కాలం పోయిందని, ఇప్పుడు బండిలో కూర్చుంటే ఇంట్లో కూర్చున్నట్టు ఉండాలని అతని వాదన. మా ఆయన తలుపు తీసి వేసి, ఆ శబ్దాన్ని వినమన్నాడు. రేకు శబ్దం కాదు, బీరువా మూసినట్టు మెత్తగా పడుతుంది. లోపల కూర్చుంటే పక్కన లారీ పోయినా వినపడదని చెప్పాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఉన్న సంతోషం నాకు వంటింట్లో కూడా తెలిసింది. బయటి శబ్దం లోపలికి రాని బండిలో నుంచి లోపలి శబ్దం మాత్రం బయటికి ఎట్లా వస్తుంది? ముగ్గురిలో ఒక్కరికీ ఆ ప్రశ్న రాలేదు. ఫిజిక్స్ చదివిన నాకూ రాలేదు. నేను వంకాయలు తరుగుతున్నాను.

తర్వాత జరిగింది నేను అడిగి అడిగి తెలుసుకున్నది. బావగారు ఇంజను చూపించమన్నాడు. మా ఆయన బయటి నుంచే చెయ్యి పెట్టి ఇంజను ఆపి, తాళం తీసుకుని, బానెట్ మీట లాగాడు. వెనక్కి తిరిగి చూడలేదు. అలవాటు కొద్దీ ముందు అద్దానికి అట్ట కూడా అడ్డం పెట్టాడు. ఇంజను మీద ప్లాస్టిక్ మూత చూసి, స్పానర్ పెట్టేదానికి చోటే లేదని బావగారు వెక్కిరించాడు. అప్పుడు మా ఆయన తాళానికున్న రిమోట్ తీశాడు. గడ్డివామి దాకా నడిచి అక్కడి నుంచి నొక్కాడు. కీచుమని తలుపుల లాకులు పడ్డాయి. ఆ చప్పుడు నేను విన్నాను, ఎప్పటి లాగే గొప్ప చూపిస్తున్నాడని నవ్వుకున్నాను కూడా. బావగారు నేనూ చూస్తానని రిమోట్ తీసుకుని వీధి చివరి దాకా పోయి నొక్కాడు, నొక్కి జేబులో వేసుకున్నాడు. ఇప్పుడు నా బండి చూద్దురా అని తమ్ముణ్ణి జీపు ఎక్కించుకుని చేను దారి పట్టాడు. పిల్లలను నేను ఎప్పుడో లోపలికి తీసుకుపోయి ఉంటానని మా ఆయన అనుకున్నాడట. నల్ల అద్దాల వెనక ఎవరున్నారో ఎవరికి కనబడుతుంది?

వేపచెట్టు నీడ మెల్లగా అవతలికి జరిగింది. కారు ఎండలో మిగిలింది.

నేను పరుగెత్తి తలుపు లాగాను. రాలేదు. అద్దానికి ముఖం ఆనిస్తే నా ముఖమే కనబడింది. అప్పుడు లోపలి నుంచి ఒక చిన్న అరచెయ్యి వచ్చి అద్దానికి అతుక్కుంది, మళ్లీ జారిపోయింది.

ధర్మవరం అతను చెట్టు కింద సెల్‌ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. తాళం ఎక్కడని అరిచాను.

“అన్న జేబులో ఉండాది వదినా. చేను దాకా పోయినారు. ఉండు, ఫోన్ చేస్తా.”

మా ఆయన ఫోన్ మోగింది. కారులోనే మోగింది. అంత మంచి కారు కదా, చెవి ఆనిస్తేనే వినిపించింది.

పశువుల కొట్టం గోడకు గడపార ఆనించి ఉంది. నేను దాన్ని తీసుకురావడం చూసి అతను రెండు చేతులూ చాచి అడ్డం వచ్చాడు. లోపల ఎవరున్నారో అతనికి అప్పటికీ అర్థం కాలేదో, అర్థమయ్యే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

“అద్దం పగలగొట్టొద్దు వదినా. అయిదు నిమిషాల్లో వచ్చేస్తారు. ఈ అద్దం ఈడ దొరకదు, బెంగుళూరు నుంచి తెప్పించాల.”

“పిల్లోళ్లను యాడ నుంచి తెప్పిస్తావు?” అన్నాను.

అతను పక్కకు జరిగాడు. డ్రైవరు పక్క అద్దం మీద కొట్టాను. అద్దం పొడి పొడి అయింది, కానీ రాలలేదు. నల్ల ఫిల్ము ఆ ముక్కలన్నింటినీ గుడ్డలా పట్టుకుని ఉంది. ఎండ రాకుండా, ఎవరూ చూడకుండా వేయించిన ఫిల్ము నన్ను కూడా లోపలికి రానివ్వలేదు. మూడు దెబ్బలు, నాలుగు దెబ్బలు. చివరికి చేత్తో తోసి, లోపలికి చెయ్యి పెట్టి పిడి లాగాను. ఒక్క లాగుకే తలుపు తెరుచుకుంది. పొయ్యి మూత తీసినట్టు వేడి ముఖానికి కొట్టింది.

ఇద్దరూ వెనక సీటు కింద, కాళ్లు పెట్టుకునే చోట ఉన్నారు. పాప తమ్ముడి చొక్కా విప్పేసి, వాణ్ణి తన పక్కన పడుకోబెట్టుకుని, రెండు కాళ్లతో తలుపును తన్నుతోంది. తలుపు తెరుచుకున్నా తన్నుతూనే ఉంది.

అత్తమ్మ బిందెడు నీళ్లు ఇద్దరి మీదా పోసింది. ఊళ్లో డాక్టరు సైకిల్ మీద వచ్చాడు. తడి గుడ్డలు చుట్టి, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు చెంచాతో పట్టించమన్నాడు. బాబు ఒకసారి కక్కుకుని, తర్వాత గట్టిగా ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాకే నేను కూర్చున్నాను. నా చేతికి నెత్తురు కారుతోందని అప్పుడు అత్తమ్మ చెప్పింది.

జీపు తిరిగొచ్చింది. మా ఆయన దిగీ దిగగానే అడిగిన మాట, “అద్దం ఎవరు పగలగొట్టినారు?” అని. తర్వాత అరుగు మీద తడి గుడ్డల్లో పిల్లలను చూశాడు. చూసి అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఆయన మంచి తండ్రి కాడని నేను అనను. కానీ మొదటి మాట అద్దం గురించే.

ఇదంతా జరిగి గంట కూడా కాలేదు, వాదన మళ్లీ మొదలైంది. నా ఒళ్లు మండింది అప్పుడు. తలుపులే లేని జీపులో ఇట్లాంటిది జరగదని బావగారు. తప్పు కారుది కాదు, మరిచిపోయిన మనుషులదని మా ఆయన. తన కారులో లోపలి నుంచి కూడా నొక్కే లాక్ బటన్ ఉందని, కారు కొనేటప్పుడు అది చూసి కొనాలని ధర్మవరం అతను. నా పిల్లలు వాళ్ల వాదనలో ఒక ఉదాహరణ అయిపోయారు. బంపరు రంగు ఎట్లాగో, తలుపు శబ్దం ఎట్లాగో, నా పిల్లల ఊపిరి కూడా అట్లాగే.

నేను లేచి వాళ్ల మధ్యకు వెళ్లాను.

“లోపల కూర్చునేదానికి ఎంత సుఖముండాదో పొద్దున్నుంచి ముగ్గురూ చెప్తాండారు. బయటికొచ్చేదానికి ఏముండాదో ఒక్కరన్నా చూసినారా?”

బావగారు మజ్జిగ గ్లాసు నా వైపు జరిపాడు. “బెదిరిపోయినావమ్మా. తాగు” అన్నాడు.

బెదిరినదాన్ని. ఎప్పుడూ అదే. మా ఇంటామెకు బండి ఎక్కక ముందే బ్రేకులు కావాలని మా ఆయన స్నేహితులతో చెప్పి నవ్వుతుంటాడు. సీటు బెల్టు అడిగితే భయం, ఫిల్ము వద్దంటే భయం. వాళ్లు అడిగేవి ప్రశ్నలు, నేను అడిగేది భయం. ఆ కారులో ఉన్న అన్ని సౌకర్యాల్లో నన్ను పిలిచింది ఒక్కటే, దిష్టి తగలకూడదని అత్తమ్మ పట్టుబట్టి కట్టిన నిమ్మకాయ. ఆ దండ వద్దని, రంగు మీద గీతలు పడతాయని మా ఆయన ఎంత విసుక్కున్నాడో నాకు గుర్తుంది. దిష్టి మీద నాకు నమ్మకం లేదు. అయినా ఆ తర్వాత దాన్ని ఎవరినీ తీయనివ్వలేదు.

పొద్దు వాలుతుండగా బయలుదేరాం. అద్దం లేని పక్క నుంచి వేడి గాలి కొడుతోంది. పాప నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుని ఉంది. నిద్రపోయిందనుకున్నాను.

“నేను ముందరికి పోలేదు నాయనా” అంది. “ఏమీ ముట్టుకోలేదు. తమ్ముణ్ణి గూడా ముట్టుకోనీలేదు.”

మా ఆయన బండి పక్కకు ఆపి, స్టీరింగ్ మీద తల ఆనించాడు. కొంతసేపటికి మళ్లీ నడిపాడు.

ఇంటికి వచ్చాక, కారుతో పాటు ఇచ్చిన పుస్తకం బయటికి తీశాను. రెండు నెలలైనా దాని ప్లాస్టిక్ కవరు చింపలేదు. కార్ల గురించి అన్ని పత్రికలు చదివే మనిషి తన కారు పుస్తకం తెరవలేదు. నేను చదివాను. చైల్డ్ లాక్ వెనక తలుపులకే. బయటి నుంచి లాక్ చేసినా ముందు తలుపు లోపలి పిడి లాగితే తెరుచుకుంటుంది. హారన్‌కు తాళం అక్కర్లేదు. పాప సీట్ల మధ్య నుంచి ముందుకు దూకి ఉంటే, పిడి లాగి ఉంటే, హారన్ ఒత్తి ఉంటే చాలు. అవన్నీ దానికి తెలుసు, చూసింది. కానీ అది చెప్పిన మాట వినే పిల్ల. దాన్ని అట్లా పెంచింది మేమే.

మరుసటి రోజు పొద్దున్నే ఇద్దరినీ కారులో వెనక సీట్లో కూర్చోబెట్టి తలుపులు లాక్ చేశాను. తాళం నా చేతిలోనే పెట్టుకుని, పగిలిన అద్దం పక్కన నిలబడ్డాను. మా ఆయన గేటు దగ్గర ఉన్నాడు. ముందుకు రమ్మంటే పాప తండ్రి వైపు చూసింది. నేను మళ్లీ పిలిచాను. మెల్లగా సీట్ల మధ్య నుంచి దూరి వచ్చింది, వెనకే వాడూ వచ్చాడు. పిడి లాగించాను. ఒకసారి కాదు, పదిసార్లు. తర్వాత దాని చెయ్యి పట్టుకుని స్టీరింగ్ మధ్యలో పెట్టి ఒత్తించాను. వీధిలో తలుపులు తెరుచుకున్నాయి, పక్కింటి ఆమె ముగ్గు గిన్నెతోనే వచ్చింది. పాప భయపడి చెయ్యి తీసేసింది. నేను మళ్లీ పెట్టించి, ఇద్దరికీ చెప్పాను:

“ఈ కారులో మీరు ముట్టుకోగూడనిది ఏదీ లేదు. అన్నీ ముట్టుకోండి, లాగండి, ఒత్తండి. విరిగితే విరగనీ. తలుపు రాకపోతే ఎవరన్నా వచ్చేదాకా హారన్ మీద నుంచి చెయ్యి తీయొద్దు. ఎవరన్నా తిడితే, అమ్మ ముట్టుకోమనిందని చెప్పండి.”